మైదాకు పెట్టని అరచెయ్యి

పోయిన వారం కరుణను మనం ఎక్కడ వదిలి వచ్చాం? షార్జాలో, రోలా బజారు వెనక సందులో, మూడో అంతస్తు ఫ్లాట్ గుమ్మం దగ్గర. చేతిలో ఒక తెల్ల రుమాలు పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉంది పాపం. జపాన్ వెళ్ళి వచ్చిన నవత అందరికీ కానుకలు పంచింది కదా. పక్క గదిలో ఉండే నెల్లూరు పర్వీన్‌కు ఇత్తడి గంట, సెలూన్ యజమానురాలు అక్తర్ బీకి పట్టు విసనకర్ర, కింద కిరాణా కొట్టువాళ్ళ పిల్లలకు కూడా జింక బొమ్మలు. తనకు గోరింటాకు కోన్ పట్టుకోవడం నేర్పిన కరుణకు మాత్రం ఈ రుమాలు. అదీ కొత్తది కాదు. నడిమధ్యన ఎవరో చెయ్యి తుడుచుకున్నట్టు గోధుమరంగు మరక.

ఇచ్చేటప్పుడు నవత ఏం చేసిందో గుర్తుందిగా? కరుణ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏదో అడగబోయింది. అడగలేక కళ్ళల్లో నీళ్ళు నింపుకుంది. కరుణ విసురుగా చెయ్యి లాగేసుకుంది.

ఆ రుమాలు ఇప్పుడు వంటగదిలో, గ్యాస్ స్టవ్ పక్కన, మసిగుడ్డల మధ్య పడి ఉంది. కరుణే పడేసింది. పడేసిందే గానీ, పొద్దున్నుంచి చాయ్ పెట్టడానికి వెళ్ళినా నీళ్ళు తాగడానికి వెళ్ళినా కన్ను దాని మీదికే పోతోంది.

ఆ రోజు శుక్రవారం. నమాజు అయ్యాక రోలా అంతా మళ్ళీ నిద్రలేచినట్టు హారన్లు మొదలయ్యాయి. కరుణ భర్త దేవేందర్ ఖోర్ ఫక్కాన్ రేవులో పని చేస్తాడు. వారమంతా అక్కడే క్యాంపులో ఉండి, శుక్రవారం బస్సెక్కి ఇంటికి వస్తాడు. అతనొచ్చేలోపు వంట ముగించాలి. ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చుందో లేదో పర్వీన్ వచ్చి చేతిలో కత్తి లాక్కుంది.

"నువ్వు లేమే, నేను కోస్తా."

"నాకు చేతుల్లేవా?"

"ఉంటే ఉండనీమే. మెహందీ పెట్టే చేతులు. వాటికి ఉల్లిపాయ వాసనెందుకు?"

పర్వీన్ ఈ మధ్య ఇలాగే ఉంటోంది. బిందె ఎత్తనివ్వదు, వేడి గిన్నె దించనివ్వదు. నవత జపాన్‌కు ఎగిరిపోయాక తనమీద అందరికీ జాలి పుట్టుకొచ్చిందని కరుణ అనుకుంది. ఆ జాలి ఆమెకు ఉల్లిగడ్డ కంటే ఘాటుగా ఉంది.

అసలు ఆ చేతి సంగతి చెప్పుకోవాలి. కోరుట్ల దగ్గర పల్లెలో కరుణ పుట్టింది. ఆషాఢం వచ్చిందంటే నాయనమ్మ భూమవ్వ రోట్లో మైదాకు నూరేది. వాళ్ళ దిక్కున గోరింటాకును మైదాకు అనే అంటారు. వాడకట్టు ఆడపిల్లలంతా చేతులు చాపి కూర్చుంటే, భూమవ్వ ఉండలు చేసి మనవరాలి చేతికిచ్చి "నువ్వు పెట్టు బిడ్డా, నీ చెయ్యి మంచిది" అనేది. కరుణ మైదాకు పెట్టిన పెళ్ళికూతుళ్ళంతా సల్లగా కాపురాలు చేసుకుంటున్నారని ఊళ్ళో పేరొచ్చింది. హస్తవాసి అన్నారు. షార్జా వచ్చాక కూడా ఆ మాట ఆమె వెంటే వచ్చింది. హైదరాబాదీ పెళ్ళికూతుళ్ళ తల్లులు అక్తర్ బీ సెలూన్‌లోకి అడుగుపెడుతూనే "కరుణ హైనా?" అని అడిగేవాళ్ళు. కరుణ కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చునేవాళ్ళు గానీ వేరే వాళ్ళకు చెయ్యి ఇచ్చేవాళ్ళు కాదు.

నవత వచ్చింది ఆ తర్వాతే. సజ్జాలో ఫ్యాక్టరీ పని చేసే దయాకర్ భార్య. పెళ్ళై కొత్తగా వచ్చిన పిల్ల, ఏ పనీ తెలియదు. కరుణే పక్కన కూర్చోబెట్టుకుని, ముందు పాత పేపర్ల మీద, తర్వాత తన సొంత మోచేతి మీద గీతలు గీయించింది. "కోన్‌ను నొక్కకు, ఊపిరి లెక్క వదులు" అని చెప్పింది. అట్లాంటి పిల్ల. జపాన్‌లో, ఒసాకాలో ప్రపంచ ఎగ్జిబిషన్ అవుతోంది, చూడవచ్చిన వాళ్ళకు మెహందీ పెట్టడానికి ఒక మనిషి కావాలని ఒక ఈవెంట్ కంపెనీ అక్తర్ బీని అడిగితే, అందరూ కరుణ పేరే అనుకున్నారు. కరుణ కూడా చలికి స్వెట్టర్ కావాలేమోనని నలుగురినీ అడిగింది. వేసవిలో స్వెట్టరెందుకని నవ్వారు. చివరికి వెళ్ళింది నవత.

ఎందుకో అక్తర్ బీ చెప్పలేదు. కరుణ అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని అడగలేదు.

ఉల్లిగడ్డలు వేగుతుండగా నవత రానే వచ్చింది. వట్టిచేతుల్తో కాదు, ఫోన్‌తో వచ్చింది. పర్వీనే పిలిచిందట, వీడియోలు టీవీలో పెట్టి చూద్దామని. కరుణకు వంటగదిలోనే ఉండిపోవాలని ఉంది. కానీ లోపల కూర్చుంటే కుళ్ళు అంటారు, బయట కూర్చుంటే ఆ వీడియోలు చూడాలి. చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, టీవీకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో, మంచం చివర కూర్చుంది.

"ఇది నారా అనే ఊరు అక్కా. ఒసాకా నుంచి రైల్ల పోయినం. జింకలు సూడు! బిస్కట్ సూపిస్తే తల వంచి దండం పెడ్తయి."

"ఆకలైతే ఎవలైనా దండం పెడ్తరు" అంది కరుణ.

పర్వీన్ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నవత కూడా నవ్వబోయి, కరుణ మొహం చూసి మానేసింది.

టీవీలో పెద్ద చెక్క గుడి వచ్చింది. ఎంత పెద్దదంటే దాని ముందు మనుషులు చీమల బారులా ఉన్నారు. లోపల చీకటి. ఆ చీకట్లోంచి మెల్లగా ఒక కంచు మొహం తేలింది. రెప్పలు సగం వాల్చి, పెదవి మీద నవ్వో కాదో తెలియని ఒక గీతతో, పద్మం మీద కూర్చున్న బుద్ధుడు. కప్పు దాకా ఉన్నాడు.

"యా అల్లా" అంది పర్వీన్. "ఎంత ఉన్నాడుమే!"

"గింత గనం చేసుడెందుకు? మన హైదరాబాద్ల లేడా హుసేన్ సాగర్ల? మేం బస్సుల నుంచే చూసినం."

"ఆయన నిలబడి ఉంటడు గదక్కా. ఈయన కూసున్నడు."

"కూసున్నోడు లేస్తే అంతే ఉంటడు."

"ఒకటి చెప్తా వినుమే" అని పర్వీన్ అందుకుంది, గొడవ దారి మళ్ళించాలని. "ఈ గుళ్ళో ఒక స్తంభానికి కన్నం ఉంది. ఆ బుద్ధుడి ముక్కురంధ్రమంత అంట. దాంట్లోంచి దూరి అవతలికి పోతే పుణ్యం. నవత పోయింది. నేనైతే ముక్కులోనే ఉండిపోతా, సామికి జలుబు చేస్తుంది."

నవ్వులు. కరుణకు నవ్వు రాలేదు. ఆమె కన్ను ఇంకెక్కడో పడింది.

బుద్ధుడి కుడిచెయ్యి పైకెత్తి ఉంది, భయపడకు అన్నట్టు. ఆ అరచెయ్యి తెరంతా నిండిపోయింది. ముడత లేదు, మరక లేదు, నున్నటి కంచు. ఎంత చోటు! నడిమధ్యన ఒక పద్మం వేసి, దాని చుట్టూ నెమలికన్నులు తిప్పి, వేళ్ళ మీదికి సన్నటి తీగ పాకిస్తే... ఎన్ని కోన్లు పడతాయో ఆమె లోపల్లోపలే లెక్కేసుకుంటోంది. బొటనవేలి కింద తీగ ఎట్లా మళ్ళించాలో కూడా చూసుకుంది. ఆ అరచేతి ముందు నిలబడాల్సింది తను. ఇన్నేళ్ళుగా జనం చేతులు చదివిన తను. నిలబడ్డది మాత్రం, ఆ చెయ్యిని చూసి కూడా జింకల గురించి చెప్పే పిల్ల.

ఇక చూడబుద్ధి కాలేదు. నీళ్ళు తాగడానికి లేవబోయింది. అంతలో వీడియో మారింది.

గుడి బయట, వసారాలో, ఒక చెక్క విగ్రహం. ముసలాయన. నెత్తి మీదా భుజాల మీదా ఎర్రగుడ్డ కప్పి ఉంది. జనం వరుసగా వచ్చి ఆయన మోకాళ్ళు రాస్తున్నారు, పాదాలు రాస్తున్నారు, మళ్ళీ తమ మోకాళ్ళు రాసుకుంటున్నారు. నవత వంతు వచ్చింది. ఆ పిల్ల మోకాళ్ళ జోలికి పోలేదు. మునివేళ్ళ మీద లేచి, ఒళ్ళంతా సాగదీసి, ఆ ముసలి దేవుడి చేతిని అందుకుంది. మణికట్టు, అరచెయ్యి, వేలు వేలూ. రాసిందే రాసింది. వెనక వాళ్ళు ఆగిపోయారు.

"ఆపు" అంది కరుణ.

నవత వేలు ఫోన్ మీద ఆగింది. టీవీలో ఆ పిల్ల చెయ్యి దేవుడి చేతి మీదే నిలిచిపోయింది.

"ఎవరా దేవుడు?"

"బుద్ధుని శిష్యుడట అక్కా. వైద్యుడసొంటోడట. మన దిక్కు నుంచే పోయిండట గా కాలంల. మనకేడ బాధ ఉంటే ఆయనకాడ రాసి, మళ్ళ మన ఒంటికి రాసుకోవాలె."

"నీ చేతికేం బాధ?"

నవత ఫోన్‌ను ఒళ్ళో బోర్లించింది.

ఇక కరుణ ఆగలేదు. నెలల తరబడి లోపల కుతకుతలాడిందంతా మూత ఎగరగొట్టుకుని బయటికొచ్చింది.

"నేను చెప్తా నీ బాధేందో. నీకు పని వచ్చింది. తీగ వచ్చింది, పువ్వొచ్చింది, జాలీ గళ్ళొచ్చినయ్. హస్తవాసి రాలే. అది నేర్పితే వచ్చేది గాదు. అందుకే సముద్రాలు దాటిపోయి పరాయి దేవుని చెయ్యి రాసినవ్. నా చేతి గుణం నీకు రావాలని రాసినవ్! పెండ్లిపిల్లలందరు ఇప్పుడు ఎవరి కుర్చీకాడికి వస్తున్నరే? నీ కుర్చీకాడికే గద? ఇంకా సాలలేదా?"

"అక్కా, ఒట్టు, అది గాదు..."

"నా మోచేతి మీద గీతలు గీసి నేర్చుకున్నవ్. మళ్ళ తెచ్చి నా మొహాన మురికి రుమాలు కొడ్తవా?"

"రుమాలు ఏది?" అంది నవత ఒక్కసారిగా, భయంగా. "అక్కా, పారేసినవా?"

ఆ పిల్ల లేచి వంటగదిలోకి పరిగెత్తింది. మసిగుడ్డల్లోంచి రుమాలు తీసి, కళ్ళకద్దుకుని, గుండెకు పట్టుకుని వచ్చింది. పర్వీన్‌కు అప్పుడు వెలిగింది. నెల్లూరు దగ్గర దర్గాలో వాళ్ళమ్మ మంచం దిగలేని అత్త కోసం అట్లాగే చేసేది. సమాధి మీద కప్పిన చాదర్‌కు గుడ్డ తాకించి, ఇంటికి తెచ్చి, నొప్పి ఉన్న కాలికి కట్టేది.

"ఇది ఆ దేవుడికి రాసిన గుడ్డా నవతా?"

నవత తలూపింది. "మనిషి స్వయంగా రాసుకోవాలంట. రుమాలుతోటి రాస్తుంటే ఆడున్న ముసలామె నన్ను ఎగాదిగ చూసింది, గిట్లెవలు చెయ్యరేమో. కని నేనేం జేతు? అక్క రాలేదు గద. మన కాడ తాకిచ్చిన గుడ్డ తెస్తే సాలు గదా అనుకున్న. అన్ని వేళ్ళకు రాసిన. ఒక్కటి మిగలకుండ." మరక ఆ చెక్క దేవుడి ఒంటి మీది నూనె, మడ్డి. "నాకోసం గాదక్కా. నీ చెయ్యి వణుకుడు తగ్గాలని."



"నా చెయ్యి ఏంది?"

"వణుకుతుంది గద. పెండ్లిపిల్లలకు పెట్టెటప్పుడు గీత వంకర పోతుందని, అందుకే ఒసాకా వద్దన్నవని. నిన్ను అడుగద్దని, అడిగితే నీ మనసు విరుగుతదని..." నవత గొంతు సన్నబడింది. "నాకు తెలుసునని నీకు తెలిస్తే సిగ్గుపడ్తవని నోరు తెరవలే."

కరుణ పర్వీన్ వైపు తిరిగింది. పర్వీన్ గోడ వైపు తిరిగింది.

"నీక్కూడా తెలుసు."

"సెలూన్‌లో అందరికీ తెలుసుమే" అంది పర్వీన్, వంటగది వైపు చూస్తూ. "అందుకే కదా నీ చేత ఉల్లిపాయలు..."

అప్పుడు ఒక్కొక్కటీ వచ్చి సరైన చోట కూర్చున్నాయి. తన చేతిలోంచి కత్తులూ గిన్నెలూ ఎందుకు మాయమవుతున్నాయో. అక్తర్ బీ పెళ్ళికూతుళ్ళను పక్క కుర్చీకి పంపి, తనకు చిన్నపిల్లల చేతులూ, ఈద్ ముందు హడావిడిగా వచ్చేవాళ్ళ చేతులూ ఎందుకు ఇస్తోందో. "ఆరామ్ కరో బేటీ" అని వీపు నిమిరి ఎందుకు వెళ్తోందో. తను కుళ్ళుకుంటూ ఉన్న ఇన్ని నెలలూ వీళ్ళంతా తనకోసం దుఃఖపడుతున్నారు. లేని రోగానికి.

"ఎవలు చెప్పిండ్రు?" అంది కరుణ.

"అక్తర్ మేడమ్."

"మేడమ్‌కు ఎవలు చెప్పిండ్రు?"

నవత రుమాలును నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

"దేవేందర్ అన్న" అంది. "సెలూన్‌కొచ్చి చెప్పిండట. ఎవరికీ చెప్పద్దని మేడమ్‌తోటి ఒట్టేయించుకున్నడట."

కరుణకు ముందు నవ్వొచ్చింది. దేవేందర్ సెలూన్ గడప తొక్కడు. ఆడవాళ్ళుంటారని సందు మొదట్లోనే నిలబడి ఫోన్ చేసే మనిషి. ఆ మనిషి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, పెళ్ళాం చెయ్యి పనికిరాదని చెప్పి వచ్చాడా? ఆ నవ్వు వెనకే కోపం వచ్చింది.

లేచి, అల్మారాలోంచి కోన్ తీసింది. మొన్న రాత్రి తడిపి పెట్టుకున్నది, ఎవరూ పిలవకపోయినా అలవాటు కొద్దీ తడిపి పెట్టుకున్నది. మొన కత్తిరించింది. నవత ముందు నేల మీద కూర్చుంది.

"చెయ్యి సాపు."

"అక్కా..."

"సాపుమన్ననా?"

నవత అరచెయ్యి చాపింది. కరుణ పద్మం వెయ్యలేదు, నెమలి వెయ్యలేదు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి ఒక్కటే గీత. వెంట్రుక మందం. ఊపిరిలా వదులుతోంది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా లావెక్కలేదు. అరచెయ్యి వాలులో దిగి, ఎత్తు ఎక్కి, బొటనవేలి కింద మలుపు తిరిగింది, ఇందాక ఆ కంచు చేతి మీద ఎట్లా తిప్పాలనుకుందో అట్లాగే. పర్వీన్ ఉల్లిగడ్డలు మాడుతున్నా లేవకుండా వంగి చూస్తోంది. నవత కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, కానీ చెయ్యి కదపలేదు. గురువు నేర్పిన మొదటి సంగతి అదే కదా.

"ఏదే వణుకు?" అంది కరుణ, తలెత్తకుండా. "సూపెట్టు."

"లేదక్కా."

"పర్వీన్?"

"సూదిమొనంత కూడా లేదుమే."

ఇన్ని నెలల తర్వాత కరుణకు కడుపులో మంట చల్లారినట్టయింది. ఎదురుగా ఉన్న పిల్ల మీద అంత ప్రేమ పొంగుకొచ్చింది. ఆ పిల్లనా తను తిట్టింది! పరాయి దేశంలో, పరాయి దేవుడి ముందు, మునివేళ్ళ మీద లేచి, తన వేళ్ళు ఒక్కొక్కటే తలుచుకున్న పిల్లనా!

గీత చూపుడువేలు మొదట్లోకి వచ్చింది. అప్పుడే తలుపులో తాళంచెవి తిరిగింది.

దేవేందర్. ఒక చేతిలో ఐసు నీళ్ళు కారుతున్న చేపల సంచి. ఖోర్ ఫక్కాన్ నుంచి వచ్చేటప్పుడు ఆమెకు ఇష్టమని ఎప్పుడూ తెస్తాడు. చెప్పులు విడుస్తూ, "బస్సు లేటయింది కరుణా, గా కొండలకాడ..." అంటూ తలెత్తాడు. ముగ్గురు ఆడవాళ్ళు. ఒకామె ఏడుస్తోంది. ఒకామె మొహం తిప్పుకుంది. ఆయన భార్య చేతిలో కోన్.

కరుణ గీత ఆపలేదు. చూపుడువేలి మీదికి పాకిస్తూనే అడిగింది, చేపలు ఏం ధరకు తెచ్చావని అడిగినంత మామూలుగా.

"నా చేతికి వణుకని మేడమ్‌కు చెప్పినవట."

కాదంటాడనుకుంది. ఎవరన్నారని అరుస్తాడనుకుంది. ఆ రెండింటికీ జవాబు సిద్ధంగా పెట్టుకుంది.

దేవేందర్ సంచిని మెల్లగా కింద పెట్టాడు. ఐసు నీళ్ళు గచ్చు మీద పారుతున్నాయి. ఆయన కరుణను చూడలేదు. నవతను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దొంగతనం బయటపడ్డవాడి మొహం కూడా కాదు అది. భయం.

"గదొక్కటే చెప్పిందా మేడమ్?" అన్నాడు. "ఇంకా ఏమన్న చెప్పిందా?"

ఇంకా.

నవత వేలి కొసన, గోటికి కొంచెం ఇవతల, అంతదాకా వెంట్రుకలా వచ్చిన గీత ఒక్కసారి వంకర పోయి చిక్కగా ఒలికింది. కరుణ తన కుడిచేతి వంక చూసుకుంది. అది వణుకుతోంది.